మేడను మోసిన మునిచంద్ర

తిరుపతిలో ఏడంతస్తుల అద్దాల మేడను ఒంటి చేత్తో, ముప్పావు గంటసేపు, కూలకుండా నిలబెట్టిన మొనగాడు మునిచంద్ర. నమ్మనివాళ్లు వీడియోలతో కళాప్రదర్శనలు పెట్టే జాహ్నవిని అడగవచ్చు. ఆమె దగ్గర వీడియో ఉంది.

మునిచంద్రది కార్వేటినగరం. పదేళ్లుగా నడుముకు తాడు కట్టుకుని, మేడల మీదినుంచి వేలాడుతూ అద్దాలు తుడిచేవాడు. అతను తుడిచాక కొండలు అసలు వాటికంటే అద్దంలోనే పచ్చగా కనిపించేవి. కాకులు మోసపోయి అద్దంలోని చెట్టు మీద వాలబోయేవి. కిందటేడు తాడు జారి కాలు విరిగింది. కట్టు విప్పిన మరునాడే భార్య నాగవేణి అతన్ని కాణిపాకం తీసుకుపోయి, ఇక తాడు పట్టనని వినాయకుడి ముందు ప్రమాణం చేయించింది. ఆ స్వామి ముందు మాట ఇచ్చి తప్పడానికి ప్లీడర్లు కూడా జంకుతారు. మునిచంద్ర ఒక ఫైనాన్స్ కంపెనీ మేడ కింద వాచ్‌మన్‌గా కుర్చీలో కూర్చున్నాడు. ఎనిమిది నెలలు బుద్ధిగానే కూర్చున్నాడు.

తొమ్మిదో నెలలో, కంపెనీ పెద్దలు వచ్చే ముందురోజు, అద్దాలు తుడిచే మనిషి ఎగ్గొట్టాడు. మేనేజరు బతిమాలాడు. మునిచంద్ర తలెత్తి పావురాల రెట్టలు చూశాడు. చేతులు ఊరుకోలేదు. ఒక్కరోజేగా అనుకుని ఎక్కాడు.

ఎదురు మిద్దె మీద జాహ్నవి కెమెరా ఉందని అతనికేం తెలుసు? కొండంత గట్టిగా కనిపించే ఇలాంటి కట్టడాలు ఎవరెవరి పొదుపు మీదో, రేపటి మార్కెట్టు మీదో వేలాడుతున్నాయని చూపడం ఆమె ఉద్దేశం. ఆమె ప్రదర్శనలో ఒక గోడ మీద మేడ, ఇంకో గోడ మీద ఎక్కి దిగే షేర్ల అంకెలు, నడిమి గోడ నిండా మునిచంద్ర వీపు. అరచేయి అద్దానికి ఆనించి, ముప్పావు గంట, కదలకుండా.

మునిచంద్రకు జాహ్నవి పంపిన పిలుపు కార్డు నేరుగా నాగవేణి చేతిలో పడింది. కొత్త చీర కట్టుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది. వీపే కదా, పోల్చుకోదులే అని మునిచంద్ర ధైర్యం. కానీ చొక్కా వీపున ఆమె వేసిన నీలం అతుకు, గోడ మీద తలుపంత ఉంది.

"ఆ అతుకు నేనేసిందే," అంది నాగవేణి మెల్లగా. "రేపు పొద్దన్నే కాణిపాకం బస్సెక్కు. ఆడ మాట్లాడుకుందాం."

అంతలో జనం మునిచంద్రను చుట్టుకున్నారు. ఆ చేయి లేకపోతే మేడ ఏనాడో కూలేదన్నారు. వరదయ్య అనే రిటైర్డు బ్యాంకు ఉద్యోగి అయితే ఆ చేతిని కళ్లకద్దుకుని, "నా డిపాజిట్టును నిలబెట్టినోడివప్పా," అన్నాడు. ఫోటోలకు వరస కట్టారు. నాగవేణి కొంగు సర్దుకుని మొగుడి పక్కన నిలబడింది.

"ఇంత పని చేసినావా? నాతో ఒక్క మాటన్నా చెప్పలేదే," అంది. గొంతులో కోపం కరిగిపోయింది. కాణిపాకం బస్సు తప్పిపోయినట్టే ఉంది.

జాహ్నవి మైకు అందించి, ఆ ముప్పావు గంట మనసులో ఏముండిందని అడిగింది. ఒక్క అబద్ధం చాలు, గండం గట్టెక్కుతుంది. కానీ వినాయకుడి దగ్గర అప్పటికే ఒక తప్పు ఉంది. దాని మీద రెండోది పేర్చడానికి మునిచంద్రకు చేతులు రాలేదు.

"నేనేం మొయ్యలేదు మేడమ్. కింద మా నాగవేణి బస్సు కోసరం నిలబడి ఉన్నింది. తలెత్తి సూస్తాదేమోనని, బస్సొచ్చేదాకా కదల్లేదు."