పంబకు కాళ్ళొచ్చాయి

తిరువళ్ళూరులో లోకల్ రైలెక్కి ల్యాప్‌టాప్ తెరిచాను. కీ నొక్కితే పంబ డోలు మోగేలా నేను సొంతంగా తయారుచేసిన మ్యూజిక్ ప్లగిన్ అందులో ఉంది. పంబ కొట్టేవాణ్ణి స్టూడియోలో కూర్చోబెట్టి ఒక్కో దెబ్బా రికార్డు చేశాను. అయినా ఎందుకో ప్రాణం లేనట్టే మోగేది.

తిరుత్తణి కొండకు మొక్కు కావళ్ళు మోసుకుపోయే భక్తులతో రైలు పెట్టె నిండుగా ఉంది. వాళ్ళతో వచ్చిన పంబ కొట్టే ఆయన నా పక్కనే కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ అడిగి తీసుకుని విన్నాడు.

"ఇది కూచోని కొట్టినాడు గదా, తమ్ముడూ?"

"ఆమాన్నా. ఎట్ల కనుక్కుంటిరి?"

"మేము కొండ మెట్లెక్కతా కొట్టేది. కాలు పైకి లేసేటప్పుడు దెబ్బ రవ్వంత ఆలస్యమవతాది. దీనికి కాళ్ళు లేవు."

ఆయన పాదంతో అడుగులు వేసి చూపిస్తుంటే, దెబ్బల్ని ఆ ప్రకారం కాస్త కాస్త వెనక్కి జరిపాను. ఆయన మళ్ళీ విని, హెడ్‌ఫోన్ వైరు పీకేశాడు. పంబ పెట్టెంతా మోగింది. కావళ్ళవాళ్ళు ఒక్క గొంతుతో "అరోహరా!" అని కేక పెట్టారు.

ఇప్పుడు ఆ ప్లగిన్‌లో 'నడక' అనే నాబ్ ఉంది. దాన్ని సున్నాకు తిప్పే వీలు మాత్రం నేనివ్వలేదు.