పేరు దాచమన్న ఉత్తరం

నాలుగేళ్ల కిందట భువనగిరి దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేసేదాన్ని. వాన పడితే చాలు, మేనేజరు విషపు నీళ్లను వాగులోకి వదిలించేవాడు. ఆకాశరామన్న ఉత్తరాలను ఎవరూ పట్టించుకోరని, నా పేరుతోనే సంతకం చేసి కాలుష్య నియంత్రణ అధికారులకు ఫిర్యాదు రాశాను. నా పేరు బయటపెట్టవద్దని కింద గీత గీసి మరీ వేడుకున్నాను.

వారం తిరగకుండానే మేనేజరు గదికి పిలిపించారు. బల్ల మీద నా ఉత్తరం! నా పేరు దాచాల్సిన అధికారే దాన్ని అతని చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గీత గీసిన ఆ వాక్యాన్నే మేనేజరు సూపర్‌వైజర్లందరి ముందు పైకి చదివాడు.

"గిప్పుడు చెప్పమ్మా, నీ పేరు ఎవలకు తెల్వకుండ దాయాలె?"

ఒళ్లు మండిపోయింది. "గా వాగు నీళ్లతోటి చాయ్ పెట్టుకొని తాగుండ్రి సారూ!" అని బయటికొచ్చేశాను. ఉద్యోగం పోయింది.

ఎడిటర్ గారూ, ఈసారి నా పేరు దాచకండి. పెద్ద అక్షరాల్లో వేయండి.

— బి. సువార్త, భువనగిరి