తుఫాను అని అరిచింది నేనే

మొన్న మా కాలవ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి అందరూ ఉన్నపళంగా బరకాలు కప్పేసి, ఆ తర్వాత నన్ను నానా మాటలూ అన్నారని మీరు వినే ఉంటారు. విన్నది నిజమే. కానీ అనాల్సింది నన్ను కాదండి, మా ఆయన్ని. జరిగింది చెబుతాను, మీరే తేల్చండి.

మాది కడియంలో నర్సరీ కదా. మా మొక్కలు లోడు వేసుకుని పంజాబ్ వెళ్ళిన డ్రైవర్ వెంకన్న, తిరిగొస్తూ ఒక కుక్కని కేబిన్లో ఎక్కించుకొచ్చాడు. గ్రేహౌండ్. అక్కడ పందేల్లో పరిగెత్తేదట. కాలికి దెబ్బ తగిలి వేగం తగ్గేసరికి యజమాని వదిలించుకోవాలని చూస్తున్నాడట. వెంకన్న ఆ సంగతి ఫోన్లో చెబితే, మా ఆయన నాతో ఒక్క మాటైనా అనకుండా తెచ్చెయ్యమన్నారు. లారీ మా గుమ్మం ముందు ఆగేదాకా నాకు తెలీదు.

నా నడుం దాకా ఎత్తు, బక్క ఒళ్ళు. చూసినవాళ్ళంతా మేం తిండి పెట్టట్లేదనుకున్నారు. పేరు తూఫాన్. మా ఆయన నోట్లో అది తుఫాను అయింది. పంట ఇంటికొచ్చే మాసూళ్ళ రోజుల్లో ఆ పేరేంటండీ, మార్చండి అని మొత్తుకున్నాను. దానికి ఊరు కొత్త, మనుషులు కొత్త, ఉన్న ఆ ఒక్క పేరూ తీసేస్తామా అన్నారు.

నిజానికి దానికి ఇల్లంటే ఏంటో తెలీదు. మెట్లు ఎక్కడం రాదు. మొదటి మెట్టు మీద ముందు కాళ్ళు పెట్టి వణుకుతూ నిలబడేది. మిక్సీ వేస్తే మంచం కింద దూరేది. బీరువా అద్దంలో ఇంకో కుక్క ఉందని దానికేసి చూస్తూ ఉండేది. మిగతా టైమంతా సోఫా మీద నాలుగు కాళ్ళూ పైకి పెట్టి నిద్ర. ఈయన యూట్యూబ్ చూసి ట్రైనింగ్ మొదలుపెట్టారు. చేతిలో చికెన్ ముక్క పట్టుకుని ఆగు అంటే ఆగేది. ముక్క చూపిస్తే ఎవరైనా ఆగుతారు. అంతమాత్రానికే టీ కొట్టు దగ్గర కూర్చుని, కుక్క మన మాట జవదాటదు అని ఒకటే గొప్పలు.

దీనికి తోడు బెల్టు ఒకటి. ఈ జాతి కుక్కలకి తల సన్నం, మెడ లావు. మామూలు బెల్టు వేస్తే తల మీదుగా జారిపోతుంది. అందుకే లాగితే బిగుసుకునే వెడల్పాటి బెల్టుతో వచ్చింది. అది పాతబడిందని మా ఆయన రాజమండ్రి నుంచి ఎర్రగా మెరిసే మామూలు బెల్టు ఒకటి కొనుక్కొచ్చి వేశారు.

మొన్న పొద్దున్న ఆయనకి లోడింగ్ ఉందట, వాకింగ్ నా మీద పడేశారు. కాలవ రోడ్డు పట్టాను. ఓ పక్కంతా ధాన్యం. పైన మబ్బు. టీవీలో ముందురోజు నుంచీ అల్పపీడనం, అల్పపీడనం. రైతులందరి చూపూ ఆకాశం మీదే. కుక్క రిటైరైన హెడ్మాస్టారిలా నెమ్మదిగా నడుస్తోంది. ఇంతలో గాలికి ఓ తెల్ల పాలిథిన్ కవరు దొర్లుకుంటూ మా ముందు నుంచి పోయింది.

పందెంలో దాని ముందు ఏం పరిగెత్తించేవారో గానీ, అదే అనుకుంది. నా చేతిలో తాడూ, తాడు చివర ఎర్ర బెల్టూ మిగిలాయి. కుక్క లేదు. ఇదీ వేగం తగ్గిన కుక్క!

ఆ రోడ్డు చివర హైవే. పొద్దున్నుంచీ లారీలే లారీలు. ఆగు అని అరిచాను. ముక్క లేని ఆగు దానికి వినపడలేదు. ఇంక పేరు పెట్టి అరవడం మొదలుపెట్టాను. ముందున్నవాళ్ళు తలెత్తేలోపే కుక్క వాళ్ళని దాటిపోయింది. వాళ్ళకి కనపడింది నేను. జుట్టు ముడి ఊడి, చెప్పులు లేకుండా, తుఫాను తుఫాను అంటూ పరిగెత్తుకొస్తున్న ఆడమనిషి.

ఇంకేముంది. తింటున్న ఇడ్లీ వదిలేసి ఒకాయన ధాన్యం కుప్ప చెయ్యడానికి దూకాడు. ఆడవాళ్ళు బరకాలు లాగుతున్నారు. పక్క ఊరి చుట్టాలకి ఫోన్లు. నేను పరిగెడుతున్న కొద్దీ రోడ్డు పొడుగునా బరకాలు పరుచుకుపోతున్నాయి. అసలు నా వల్లే అని నాకు తెలిస్తే కదా!

హైవేకి కాస్త ఇవతల, ఆఖరి కుప్ప మీద పడుకుని ఉంది మా కుక్క. నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ముందు కాళ్ళ మధ్య కవరు. నన్ను చూసి తోక ఊపింది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కోపంతోనో, బతికుందనో తెలీదు. చున్నీ దాని మెడకి చుట్టి పట్టుకున్నాను.

వెనకాల జనం వచ్చేశారు. ఆ కుప్ప సత్తిబాబు గారిది. మా వీధి చివరే ఇల్లు, మనిషికి ముక్కు మీద కోపం. "ఎక్కడమ్మా తుఫాను?" అన్నారు ఆయాసపడుతూ.

"ఇదేనండి" అని కుక్కని చూపించాను.

అందరూ కుక్కకేసి చూశారు, పైన మబ్బుకేసి చూశారు. ఆ తర్వాత ఒక్కసారే నా మీద పడ్డారు. వాళ్ళ కష్టం వాళ్ళది, ఏమంటాను? కుక్కని స్తంభానికి కట్టేసి, ఇంకా తడారని ధాన్యం ముక్కిపోకుండా మళ్ళీ ఆ బరకాలన్నీ తీయించి, కుప్పలు మళ్ళీ పల్చగా ఆరబోయించాను. ఎండెక్కాక మా ఆయన బండి మీద వచ్చారు. దిగుతూనే దెబ్బలేమైనా తగిలాయా అని కంగారుగా అడిగారు. మడమ కోసుకుపోయిందండీ అని చెప్పబోతున్నాను. ఆయన వంగి కుక్క కాళ్ళు చూస్తున్నారు.

ఆ నడిరోడ్డు మీద, అంత మంది ముందు, ఆయన్ని నేనేమన్నానో మీకు చెప్పను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు.

నిన్న పొద్దున్నే సత్తిబాబు గారు మా ఇంటికొచ్చారు. మళ్ళీ గొడవే అనుకున్నాను. కుర్చీలో కూర్చుని, ఏమీ అనుకోవద్దమ్మా, చిన్న సాయం కావాలి అన్నారు. కుక్క కోసమేమో అని మా ఆయన ముందే అడ్డం పడ్డారు, అది ఎవరి వెంటా రాదని.

"కుక్క దేనికండి. మేడం గారు రోజూ పొద్దున్న ఓసారి అటొచ్చి నిన్నటిలా అరిస్తే చాలు. అప్పట్నుంచి మా ధాన్యం మీద ఒక్క పావురం వాల్తే ఒట్టు."

మా ఆయన ఒకటే నవ్వు. ఇద్దరినీ కలిపి కడిగేద్దామని నోరు తెరిచాను. గాలి తప్ప ఏం రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. నిన్నంతా మా ఇంట్లో నాకంటే మిక్సీయే నయం.

ఇవాళే కాస్త విచ్చుకుంది. ముందు మా ఆయనకి పెట్టాల్సినన్ని చీవాట్లు పెట్టి, మిగిలిన గొంతుతో మీకు చెబుతున్నాను.