ఒళ్ళో పెట్టిన డబ్బా

తొంభైల్లో మాట. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో నాకు సీటు దొరికింది. నిలబడ్డోళ్ళ సామాన్లు మొయ్యడం కూర్చున్నోళ్ళ ఖర్మ గదా, పక్కన నిలబడ్డ పెద్దాయన అడక్కుండానే తన టిఫిన్ డబ్బా నా ఒళ్ళో పెట్టాడు. నాకేమో ఆకలి.

"ఏం కూర, పెద్దాయనా?" అన్నాను.

"కూర కాదు సార్, మా బర్రె చెవి. నిన్న పాము కరిచి పోయినాది. చెవికి కొట్టిన బిళ్ళ చూపిస్తేనే ఇన్సూరెన్సోళ్ళు నమ్ముతారంట. ఆ డబ్బులు రాకపోతే ఇంకో బర్రెని కొనలేను."

గబుక్కున డబ్బా కింద, జనం కాళ్ళ బురదలో పెట్టేశాను.

"కింద పెట్టబాకండి సార్!" అన్నాడాయన కంగారుగా. "మా బర్రె బురదలో పడుకునే రకం కాదు. పడుకోవాలంటే గోతం పరవాల్సిందే."

డబ్బా తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాను. బస్సు గుంటలో పడ్డప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాను కూడా.