గేటుకు కట్టిన ఎర్రగుడ్డ

ఒక ఎర్రగుడ్డ ఎంత బరువుంటుంది? జేబురుమాలు కంటే కాస్త పెద్దది, అంతే. దాన్ని నేను ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కళ్లనీళ్లు పెట్టుకుంటూ రాస్తున్నానని అనుకోకండి. ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు నాలో మిగిలింది ఎక్కువగా కుతూహలమే. ఆ రోజు ఆ పని చేసిన మనిషి ఏమనుకుని చేశాడు? ఆ మనిషి నేనే. అయినా నాకు సరిగ్గా తెలియదు.

అవి మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. నరసరావుపేటలో, వినుకొండ రోడ్డు పక్కన ఒక షావుకారుగారికి పూలమొక్కల తోట ఉండేది. గులాబీలు, క్రోటన్లు పెంచి అమ్మేవాళ్లం. గెస్ట్‌హౌస్‌లకూ, ఆఫీసులకూ పచ్చిక వేసి, తీగలకు పందిళ్లు కట్టి ఇచ్చేవాళ్లం. నేను అక్కడ మేస్త్రీని.

ఆ తోటలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ మడికి పురుగుమందు కొడితే ఆ మడి గేటుకు ఎర్రగుడ్డ కట్టాలి. మర్నాటి దాకా విప్పకూడదు. గుడ్డ కనిపిస్తే ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు. అంతకుముందు ఒకసారి మందు కొట్టిన గడ్డి తిని షావుకారుగారి దూడ చచ్చిపోయింది. కూలికి వచ్చే ఆడవాళ్లకు చదువు రాదు, బోర్డు రాసి పెట్టినా లాభం లేదని ఆయనే ఈ పద్ధతి పెట్టారు. మాకు చేతులకు తొడుగులు లేవు. ముక్కుకు కట్టుకోవడానికి పాత తువ్వాళ్లు. ఆ తోటలో మనుషుల ప్రాణాలకు కాపలా అంటూ ఉంటే ఆ గుడ్డ ఒక్కటే.

మందు కొట్టేవాడి పేరు మస్తాన్. నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను అన్నా అని పిలిచేవాడు. గుడ్డ కడితే ఎప్పుడూ రెండు ముళ్లు వేసేవాడు. “ఒక్క ముడైతే గాలికి ఊడుద్దన్నా” అనేవాడు. మేము అతని చాదస్తానికి నవ్వేవాళ్లం. కానీ ఒకసారి చేసిన పని వైపు మళ్లీ తిరిగి చూసేవాడు కాదు. చూడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఆ రోజు పొద్దున మస్తాన్ గులాబీ మడికి మందు కొట్టి, గుడ్డ కట్టి, స్నానానికి వెళ్లిపోయాడు. అదే సమయానికి మాచర్లలో పందిరి వేయడానికి వెదురుబొంగులు ఎత్తుకుని ట్రాక్టరు సిద్ధంగా ఉంది. బొంగులు ట్రక్కు వెనక బారెడు బయటికి వచ్చాయి. అట్లాంటప్పుడు చివర ఎర్రగుడ్డ కట్టకపోతే రైలు గేటు దగ్గర పోలీసు ఆపి, గంటల తరబడి నిలబెట్టేవాడు. గుడ్డ కోసం షెడ్డంతా వెతికాను. దొరకలేదు. డ్రైవరు హారను మీద హారను కొడుతున్నాడు. గులాబీ మడి గేటుకు గుడ్డ కనిపించింది.

వెళ్లి విప్పుకొచ్చాను. బొంగుల చివర కట్టాను. ట్రాక్టరు వెళ్లిపోయింది.

ఇంకో గుడ్డ చూసి గేటుకు కడదాంలే అనుకున్నాను. ఆడవాళ్లు క్రోటన్ల వైపు ఉన్నారు, ఇటు రారులే అనుకున్నాను. ఇంతలో ఎవరో మొక్కలు కొనడానికి వచ్చారు. మాటల్లో పడి మర్చిపోయాను.

మధ్యాహ్నం కూలికొచ్చిన ఆడవాళ్లలో కోటమ్మ అనే ఆమె క్రోటన్ల పని ముగించుకుని గులాబీ మడికి వచ్చింది. గేటు చూసింది. గుడ్డ లేదు. కూర్చుని ఒట్టి చేతులతో కలుపు పీకింది. కాసేపటికి ఒళ్లంతా చెమటలు, నోటి వెంట చొంగ, వాంతులు. కళ్లు మసకలంటూ నా చెయ్యి పట్టుకుంది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూడు రోజులుంది. బతికింది. కానీ ఎండలో కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయని తర్వాత తోట పని మానేసింది.

మర్నాడు షావుకారుగారు మమ్మల్నందరినీ షెడ్డు ముందు నిలబెట్టారు.

“ఏరా మస్తానూ, గుడ్డ కట్టావా లేదా?”

“కట్టానయ్యా. నా చేతుల్తో కట్టా.”

“కడితే యాడికి పోయిందిరా? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?”

మస్తాన్ నా వైపు తిరిగాడు. “అన్నా, నువ్వాడనే ఉన్నావు గదా. నేను కట్టింది చూశావు గదా. అయ్యకు చెప్పన్నా.”

“నేను చూళ్ళేదు మస్తానూ” అన్నాను.

అది అబద్ధం కాదు. అతను కడుతుండగా నేను నిజంగానే చూడలేదు. ఆ సందు నాకెంత త్వరగా దొరికిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. పొద్దున షెడ్డంతా వెతికినా గుడ్డపేలిక దొరకని మనిషికి, ఆ మాట మాత్రం రెప్పపాటులో దొరికింది.

మస్తాన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “కట్టాననే అనుకున్నా. ఏమోనన్నా... నిన్న కట్టిందీ మొన్న కట్టిందీ కలిసిపోయినయ్యేమో.”

తన చేతుల కంటే నన్ను ఎక్కువ నమ్మాడు.

ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. మనిషిని చంపబోయినవాడని పేరు పడ్డాక ఊళ్లో ఇంకే తోటలోనూ పెట్టుకోలేదు. వెళ్లేముందు కోటమ్మ ఇంటికి పోయి, గుమ్మంలో నిలబడి క్షమించమని అడిగాడట. చెయ్యని తప్పుకు. ఆమె ముఖం తిప్పుకుందట. ఆ సంగతి నాకు తోటలో కూలివాళ్లు చెప్పారు. నేను తలూపాను.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందని భయమా? షావుకారుగారు నన్ను నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఆ సంగతి నాకు తెలుసు. మరి మస్తాన్ మీద కోపమా? లేదు, అతనంటే నాకు ఇష్టం. ఎంత వెతికినా నాకు కనిపించే కారణం ఒక్కటే, చాలా చిన్నది. మొదటి క్షణంలో నిజం చెప్పలేదు. రెండో క్షణంలో చెప్పాలంటే మొదటి క్షణం ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి. మర్నాటికి అది ఇంకా పెరిగింది. ఒక మనిషి బతుకు చెడగొట్టడానికి ఇంత చిన్న కారణం సరిపోతుందా? సరిపోయింది.

మాచర్ల నుంచి తిరిగొచ్చిన డ్రైవరు, గుడ్డ దారిలో ఎక్కడో ఊడిపోయిందన్నాడు. అది ఎక్కడి గుడ్డో అతనికి తెలియదు. నేను వేసింది ఒక్క ముడే.

కొన్నేళ్లకు వినుకొండ బస్టాండులో బస్సు కిటికీలోంచి మస్తాన్‌ను చూశాను. సైకిళ్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. తాళం వేసి నాలుగడుగులు వేశాడు. వెనక్కి వచ్చి తాళం లాగి చూశాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. మూడుసార్లు. దిగాలనుకున్నాను. బస్సు కదిలింది. లేదు, బస్సు చాలాసేపు ఆగింది. నేనే దిగలేదు. తర్వాత ఇంకోసారి వెళితే కొట్టు లేదు. మనిషి కూడా ఇక లేడని పక్క కొట్టు ఆయన చెప్పాడు.

ఒక సంగతి పైన దాటేశాను. గుడ్డ విప్పుకొచ్చానని ఒక్క మాటలో రాశాను. అంత తేలిగ్గా రాలేదు. పోయిన నెల మా ఇంటి గేటుకు ఒక ఎర్రగుడ్డ రెండు ముళ్లు వేసి కట్టి, ఎంతసేపట్లో విప్పగలనో చూశాను. ఏంటిది, దేవుడికేమైనా మొక్కుకున్నారా అని మా ఆవిడ అడిగింది. గోళ్లతో రాలేదు. చివరికి పళ్లతో లాగాల్సి వచ్చింది. ఆ రోజూ అంతే. పళ్లతో పట్టి లాగితే పెదవికి మందు చేదు తగిలింది. ఉమ్మేసి, బోరింగు దగ్గర నోరు పుక్కిలించాను. లోపల మందు కొట్టి ఉందని నా నోటికి తెలుసు. నోరు శుభ్రంగా కడుక్కుని వెళ్లి గుడ్డను బొంగులకు కట్టాను.

ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకు మించి ఏమీ మారలేదని నాకు తెలుసు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. అప్పుడు చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్తాను, వినండి చాలు.

మస్తానూ, నువ్వు కట్టావు. రెండు ముళ్లు వేసి కట్టావు.