పదును చూడని పద్యం

1956 జూన్ పదిహేడు, ఆదివారం, ఉదయం ఏడు గంటలు. ఆదోని శివారులో ఉన్న మా మూడెకరాల నల్లరేగడి చేని గట్టు మీద నిలబడి నేనొక పద్యం మొదలుపెట్టాను.

అప్పటికి నేను పట్టభద్రుడనై ఏడాది. మా వంశంలో నాకు ముందు బడికి వెళ్లినవారు లేరు. నేను ఆదోనిలో ఉపాధ్యాయుడిని. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేస్తూ, ముంగారు, అంటే తొలకరి, వానలకు ఆ చేనిలో కొర్ర విత్తేవాడు. వాన పడిన మరునాడు చేనికి వెళ్లి, కట్టెతో తవ్వి, జానెడు లోతు తడిసిందో లేదో కార్డు రాయమని నాకు చెప్పి ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఒక్కసారి విత్తడానికి సరిపడే విత్తనం. జానెడు తడి, అంటే పదును, లేనిదే ఆయన దాన్ని బయటికి తీసేవాడు కాడు.

ముందురోజు వాన పడినా, ఆ ఉదయం నేను తవ్వలేదు. అంతవరకు నా ప్రకృతి పద్యాల నిండా కలువలు, కోయిలలు, నిండుగా పారే ఏరులు. వాటిలో నేను చూసినవి తక్కువ. ఆ వేళ మాత్రం ఎదుట తడిమట్టి వాసన, పడమట కదలని మబ్బు. పద్యం చేజారిపోతుందేమోనన్న ఆత్రంతో బసకు తిరిగివచ్చి, అదే ఊపులో కార్డు కూడా రాశాను: "నేలతల్లి కడుపార తాగినది."

పొరుగింటాయన చదివి వినిపించగా, బుధవారం నాయన విత్తన మూటతో వచ్చాడు. బడివేళకు ముందు నేనూ చేనికి వెళ్లాను. పక్క చేని రైతు తన ఎడ్లతో, విత్తే గొర్రుతో మొదటి సాలు తోలి ఆగాడు.

"యేమప్పా, పొడి లేస్తాండాది. రెండు వేళ్ల తడి గూడా లేదు."

"పైన ఆరింటాది, లోపల ఉంటాది లే," అన్నాడు నాయన. "మావాడు సూసి రాసినాడు."

"మీవాడు సూసింది సేనా, పుస్తకమా?"

"బీయే సదివినోడప్పా. నీకూ నాకూ తెలిసింది వానికి తెల్దా? తోలు."

నాయన నా వైపు చూసి నవ్వాడు. తవ్వలేదని చెప్పడానికి అదే సమయం. ఆయన నవ్వును చెరపలేక ఊరుకున్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేను కాపాడుకున్నది నా గౌరవాన్ని.

అరకొరగా మొలిచిన కొర్ర వారానికే వాడిపోయింది. మంచి వాన వచ్చేసరికి విత్తనం లేదు. ఆ ఏడు చేను బీడు పడింది.

"నేను తవ్వలేదు నాయనా," అని మొలకలు వాడినప్పుడు చేనిలోనే చెప్పాను.

ఆయన ఎండిన మొలకను వేళ్ల మధ్య నలిపాడు. "ఆ పొద్దే సెప్పింటే సరిపోయేది గదప్పా," అన్నాడు.

ఆ రోజుల్లోనే ఎనిమిది పంక్తులు రాశాను. పొడి లేచే సాలు, రంగు పోయిన మొలక, మా ఇంట్లో మాట్లాడే మాటలు. ఛందస్సు కుదరలేదు, కుదర్చాలనీ అనిపించలేదు. నావి అని చెప్పుకోగల మొదటి పంక్తులవి. నా గొంతు అక్కడ దొరికిందని మిత్రులంటే కాదనను. అందుకు ఒక ఏటి పంట పోయిందని మాత్రం వారికి చెప్పలేదు.

నాయనకు ఆ పంక్తులు వినిపించలేదు. మరుసటి ఏటి నుండి పదును చూడడానికి ఎమ్మిగనూరు నుండి మా చిన్నాయన వచ్చేవాడు. నన్ను ఎవరూ అడగలేదు.