ఓడ వంటవాడి యాస

విశాఖ మద్దిలపాలెం డబ్బింగ్ స్టూడియోలో సూర్యకళ ప్రతి మాటా పెదవులు కదిపి చూసుకున్నాకే రాస్తుంది. ముప్పయ్యేళ్లుగా సముద్రాన్నే గీస్తున్న జపాన్ యానిమేషన్ దర్శకుడి ఎనిమిది సినిమాలకూ తెలుగు మాటలు ఆమెవే. ఆయన కొత్త చిత్రంలో రాణికీ కెప్టెన్‌కూ పుస్తకభాష ఇచ్చి, ఓడ వంటవాడికి మాత్రం తన ఇంటి యాస ఇచ్చింది. సినిమా విడుదలైన రోజు, తెర మీద అతను నోరు తెరిచినప్పుడల్లా హాలంతా నవ్వింది. పక్క సీట్లో, చేపలమ్మి సూర్యకళను చదివించిన తల్లి కాసులమ్మ మాత్రం నవ్వలేదు.

“ఆడొక్కడే మనోడిలా మాటాడతన్నాడు. ఆడ్ని సూసే నవ్వుతారేటే?”

“జోకు కదమ్మా,” అంది సూర్యకళ.

“ఆకలేత్తందన్నాడు. అందులో జోకేటే?”

జపాన్ భాషలో ఆ వంటవాడు కెప్టెన్‌లాగే మాట్లాడతాడు. ఆ నవ్వును చేర్చింది దర్శకుడు కాదు, తాను. తెర మీద వంటవాడు మళ్లీ నోరు తెరవగానే, సూర్యకళ ఆ మాటను కెప్టెన్ భాషలో పెదవులు కదిపి చూసుకుంది.